కొత్తతిప్ప నీళ్ళు

కొత్తతిప్ప, వాకాడు మండలం
10 ఫిబ్రవరి 2025

మామయ్యకు,

నువ్వూ అత్తా కులాసా అనుకుంటాను. ఫోను చేస్తే నీకు వినపడదు. మెసేజ్ పెడితే అక్షరాలు చీమల్లా ఉన్నాయని ఫోను అవతల పడేస్తావు. ముప్పై ఏళ్ళు ఉప్పు కొఠార్లలో డీజిల్ ఇంజన్ల పక్కన నిలబడ్డ చెవులు మరి ఏమవుతాయి? అందుకని నువ్వు పెంచిన నీ మేనకోడలు పోస్టాఫీసుకు పోయి కవర్లు కొనుక్కొచ్చింది. పోస్టుమాస్టరు నన్ను కాస్త అనుమానంగానే చూశాడు.

డాక్టరుగా ఇక్కడ చేరి నాలుగు నెలలైంది. ఒక పక్క సముద్రం, ఒక పక్క ఉప్పుటేరు, మధ్యలో ఇసక తిప్ప మీద పాలెం. అందరూ వేటకు పోయే కుటుంబాలే. ఆసుపత్రిలో నాకు తోడు నర్సు అబిగయీలు. పాతికేళ్ళ సర్వీసు ఆమెది. ఆమె లేకపోతే మొదటి వారమే బస్సెక్కేదాన్ని.

ఒక సంగతి మాత్రం నన్ను పీక్కు తింటోంది. పాలెంలో ఇరవై నలుగురు గర్భిణులుంటే పదకొండు మందికి బీపీ ఎక్కువ. నేను చూసే మిగతా ఊళ్ళలో ఇందులో సగం కూడా లేరు. వీళ్ళలో ధనలక్ష్మి అని ఇరవై రెండేళ్ళ పిల్ల ఉంది. ఆరో నెల. పోయిన ఏడు ఇలాగే బీపీ పెరిగి ఎనిమిదో నెలలో బిడ్డ కడుపులోనే పోయింది. కాళ్ళ వాపు, తలనొప్పి మళ్ళీ మొదలయ్యాయి. ప్రతి మంగళవారం అందరికంటే ముందొచ్చి కూర్చుంటుంది. "ఈ బిడ్డ దక్కితే చాలు డాక్టరమ్మా, నువ్వేం చెప్తే అది చేస్తా" అంటుంది. ఆ మాట విన్న రోజు నాకు అన్నం సహించదు.

చేయవలసినవన్నీ చేస్తున్నాను. మాత్రలు ఇస్తున్నాను. ఎండు చేపలు, ఊరగాయలు మానేయమన్నాను. ఎండలు ముదురుతున్నాయి, మూత్రంలో మంట అనే వాళ్ళూ ఎక్కువే, అందుకని రోజుకు నాలుగు లీటర్ల నీళ్ళు తాగాలని బోర్డు కూడా రాయించాను.

పోయిన నెల ధనలక్ష్మి తమ్ముడి పెళ్ళికని నాయుడుపేట దగ్గర పుట్టింటికి పోయి మూడు వారాలు ఉంది. తిరిగి వచ్చిన రోజు బీపీ చక్కగా ఉంది. పది రోజులు తిరక్కుండా మళ్ళీ పైకి. అప్పుడు అర్థమైంది నాకు, రోగం అత్తగారింట్లో ఉందని. ఆమె అత్త పెంచలమ్మ గట్టి మనిషి. మొన్న మంగళవారం అందరి ముందే నిలబెట్టి అడిగాను, కోడలి చేత ఎంత చాకిరీ చేయిస్తున్నావు, రెండో బిడ్డను కూడా చంపుకుంటావా అని. ఆమె కొంగు భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. ఎవరో ఒకరు అడగాలి కదా మామయ్యా.

నీ
వినీల

*

కొఠార్ల పాలెం
17 ఫిబ్రవరి 2025

అమ్మాయి వినీలకు మామ దీవెనలు.

నీ ఉత్తరం మూడు సార్లు చదివినాను. మీ అత్త కామాక్షమ్మకు రెండు సార్లు చదివి వినిపించినాను. నా గొంతు ఎంత పెద్దదో నాకు తెలియదు గనక పక్కింటి వాళ్ళు కూడా వినే ఉంటారు. ఇక వీధి వీధికీ నువ్వు నాలుగు లీటర్ల డాక్టరువే.

ఇక్కడ ఉప్పు మడులు తయారు చేసే పని మొదలైంది. నన్ను రావద్దంటారు, నేను పోకుండా ఉండలేను. కొత్త కుర్రాళ్ళు గట్టు తొక్కడం కూడా సరిగ్గా నేర్చుకోలేదు. పోయి గట్టు మీద కూర్చుని తిడతాను. వాళ్ళు నవ్వి ఏదో అంటారు. నాకు వినపడదు గనక పేచీ లేదు.

నీకొక మాట అడగాలని ఉంది. ఆ పాలెం వాళ్ళు ఏ నీళ్ళు తాగుతారు? బోరా, బావా? ఎంత లోతు? ఎప్పుడు వేసినారు? వాళ్ళ ఇళ్ళలో కందిపప్పు ఎంతసేపటికి ఉడుకుతుందో అబిగయీలమ్మను అడుగు. నువ్వు ఆ నీళ్ళే తాగుతున్నావా, లేక క్యాను తెప్పించుకుంటున్నావా?

పెంచలమ్మ సంగతి. ఆ పిల్ల పుట్టింటికి పోతే మారేది అత్త ఒక్కతే కాదు కదా. పప్పు మారుతుంది, పడక మారుతుంది, నీళ్ళు మారుతాయి. అత్తలను తిట్టడం లోకంలో అందరికీ వచ్చిన పనే, దానికి ఐదేళ్ళు చదవనక్కర లేదు. కోపం తెచ్చుకోకు, నవ్వుతాలకు అన్నాను.

వేళకు తిను.

మామ
గంగులయ్య

*

కొత్తతిప్ప
25 ఫిబ్రవరి 2025

మామయ్యకు,

నీకు నవ్వుతాలగా ఉంది. నాకు లేదు.

నీళ్ళు పరీక్షకు పంపించాను మామయ్యా, నేను చేరిన మొదటి నెలలోనే. క్రిములు లేవని కాగితం వచ్చింది. బోరుకు క్లోరిన్ వేయిస్తున్నాను. ఈ ఏడాది ఒక్క వాంతులు విరేచనాల కేసు లేదు. నీళ్ళకు ఏ రోగమూ లేదు. నేను క్యాను నీళ్ళు తాగుతానా లేదా అన్నది బీపీకి ఎలా సంబంధం? కందిపప్పు సంగతి అబిగయీలును అడగడానికి నాకు మొహం చెల్లలేదు.

ఇక్కడ నిజమైన ఇబ్బంది వేరే ఉంది. పెంచలమ్మను అన్నప్పటి నుంచి పాలెం ఆడవాళ్ళు రావడం తగ్గించారు. పోయిన మంగళవారం ఏడుగురే వచ్చారు. ధనలక్ష్మి ఒక్కతే మానలేదు. ఎండు చేపలు ముట్టి నెలైంది అంటారు అందరూ. నేను నమ్మను. ముట్టకపోతే బీపీ ఎందుకు దిగదు? ధనలక్ష్మిని గట్టిగా అడిగితే ఏడ్చింది. ఏడిపించాలని నాకు మాత్రం ఉంటుందా?

నువ్వు ఎప్పుడూ అన్నీ ఉప్పు లెక్కలోకే తెస్తావు. చిన్నప్పుడు నాకు జ్వరం వచ్చినా గాలి ఎటు వీస్తోందో చూసేవాడివి. అక్కడ మడుల దగ్గర నువ్వు మేస్త్రివి. ఇక్కడ డాక్టరును నేను. ఈ ఒక్కటీ నాకు వదిలెయ్యి.

అత్త మోకాలికి నూనె రాయడం మానొద్దని చెప్పు.

వినీల

*

కొఠార్ల పాలెం
4 మార్చి 2025

డాక్టరు వినీల గారికి,

కొఠారు మేస్త్రి గంగులయ్య నమస్కారం చేసి రాస్తున్నాడు. తమరి ఉత్తరం చేరింది. తమరి అత్తగారి మోకాలు పరవాలేదు. నాకు ఉప్పు తప్ప వేరే తెలియదన్నది నిజమే. ఇకమీద తమరి పనిలో చెయ్యి పెట్టను.

ఇట్లు
గంగులయ్య

కవరు అంటించబోయి ఆగినాను. మీ అత్త నా చేతిలోంచి గుంజుకుని, ఆ పిల్లకు ఇట్టాంటి ఉత్తరం పంపితే ఈ పూట నీకు కూడు లేదు అనింది. అందుకని ఈ కింద రాస్తున్నాను.

పరీక్ష కాగితంలో క్రిములు లేవని ఉంది. నేను అడిగింది క్రిముల మాట కాదు. మడుల్లో ఉప్పు డిగ్రీ చూసే గాజు గొట్టం నా దగ్గర ఉంది, కానీ తాగే నీళ్ళలో ఉండే కాస్త ఉప్పును అది పట్టుకోలేదు. దానికి వేరే దారి. చిన్న స్టీలు గిన్నె ఖాళీగా తూచు. పాలెం బోరు నీళ్ళు సరిగ్గా ఒక లీటరు కొలుచుకుని, ఆ గిన్నెలోనే కొంచెం కొంచెం పోస్తా సన్న మంట మీద పూర్తిగా ఇగరబెట్టు. చల్లారినాక మళ్ళీ తూచు. క్యాను నీళ్ళు ఒక లీటరు, ఆ పిల్ల పుట్టింటి నీళ్ళు ఒక లీటరు కూడా అట్లాగే చెయ్యి. అడుగున ఏం మిగిలిందో నీ కళ్ళే చెబుతాయి. నేను చెప్పనక్కర లేదు.

నాలుక మాట నమ్మకు. అవే నీళ్ళు తాగి పెరిగిన వాళ్ళకు ఉప్పు తెలియదు.

*

కొత్తతిప్ప
16 మార్చి 2025

మామయ్యా,

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. ముందు ఇది చెబుతాను, ధనలక్ష్మి బతికే ఉంది, కడుపులో బిడ్డ కూడా.

నీ ఉత్తరం వచ్చిన రోజు తమరూ గిమరూ చూసి బాధపడి, కింద రాసింది చదవకుండానే సొరుగులో పెట్టేశాను. అదీ నేను చేసిన పని. పన్నెండో తారీఖు పొద్దున ధనలక్ష్మిని మంచం మీద మోసుకొచ్చారు. బీపీ నూట అరవై దాటింది. కళ్ళు మసకలంటోంది. ఫిట్స్ రాకుండా ఇంజెక్షన్ ఇచ్చి 108లో నెల్లూరు పంపించాం. మొగుడు శివశంకర్ వేటలో ఉన్నాడు. అబిగయీలు తోడు వెళ్ళింది. పరీక్షల కార్డు ఇంట్లో మరిచిపోయారంటే తేవడానికి నేనే పాలెంలోకి పోయాను.

వాళ్ళింట్లో నీళ్ళ బిందె పక్కన గోడ నిండా బొగ్గు గీతలు. నాలుగు నాలుగుగా, వరసలు వరసలుగా. ఏమిటివి అని పెంచలమ్మను అడిగాను. ఆ రోజు తర్వాత ఆమె నాతో మాట్లాడింది అదే మొదటిసారి.

"నువ్వే గదమ్మా నాలుగు లీటర్లన్నావు. పదహారు గ్లాసులు. ఒక్క గ్లాసు తగ్గితే బిడ్డకేమవుద్దో అని గీతలు పెట్టుకుంటా తాగింది. వద్దనిపించినా తాగింది."

బిందెలోంచి గ్లాసుడు నీళ్ళు ముంచి ఇమ్మన్నాను. ఐదు నెలల్లో ఆ పాలెం నీళ్ళు నేను నోట్లో పోసుకోవడం అదే మొదటిసారి మామయ్యా. మింగలేకపోయాను. పెంచలమ్మ ఆశ్చర్యంగా చూసి, మా నీళ్ళు బాగానే ఉంటాయి కదమ్మా అంది.

ఇంటికొచ్చి సొరుగులోంచి నీ ఉత్తరం తీసి చివరిదాకా చదివాను. ఆ సాయంత్రమే గ్యాసు పొయ్యి ముందు కూర్చున్నాను. నాయుడుపేట నీళ్ళు మర్నాడు ధనలక్ష్మి తమ్ముడు సీసాలో పట్టుకొచ్చాడు. ఆసుపత్రిలో గ్రాములు తూచే తక్కెడ లేక మూడు గిన్నెలూ పట్టుకుని వాకాడులో బంగారం కొట్టుకు పోయాను. కొట్టాయన గిన్నెల్లోకి తొంగి చూసి, ఇది ఏం భస్మం డాక్టరు గారూ అన్నాడు. క్యాను గిన్నెలో తూకానికి అందేంత కూడా లేదు. నాయుడుపేట నీళ్ళలో పావు గ్రాముకు కొంచెం ఎక్కువ. పాలెం బోరు గిన్నెలో రెండున్నర గ్రాములు. నాలుగు లీటర్లకు పది గ్రాములు. మనిషి రోజు మొత్తానికి తినవలసిన ఉప్పుకు అది రెండింతలు.

వాళ్ళు నిజంగానే ఎండు చేపలు మానేశారు. నేను నమ్మలేదు. నా మాట బాగా విన్న వాళ్ళకే బీపీ ఎక్కువ పెరిగింది. మాట వినని ఇద్దరు ముగ్గురు కులాసాగా ఉన్నారు. బోర్డు నేనే పీకేశాను. ఇంకేం చేయాలో తోచడం లేదు. ఈ ఉద్యోగానికి నేను పనికిరానేమో అనిపిస్తోంది.

నీ మీద విసుక్కున్నందుకు ఏమని రాయను. తిట్టు మామయ్యా.

వినీల

*

కొఠార్ల పాలెం
21 మార్చి 2025

నా తల్లీ,

తిట్టను. నీకొక సంగతి చెప్పాలి. ఇన్నేళ్ళూ చెప్పలేదు.

నువ్వు మా ఇంటికి రాకముందు మీ అత్తకు రెండు కాన్పులు పోయినాయి. రెండూ ఎనిమిదో నెలలోనే. అప్పుడు మేము మడుల పక్కనే గుడిసె వేసుకుని ఉంటిమి. మడుల గట్టు కింద బావి నీళ్ళే తాగేది. కాళ్ళు వాచేవి, తల పగిలిపోతుందని ఏడ్చేది, పుట్టింటికి పోతే తేరుకునేది. నీ మొదటి ఉత్తరం చదువుతా ఉంటే నాకు ధనలక్ష్మి కనపడలేదు, మీ అత్త కనపడింది. అందుకని నీళ్ళ మాట అడిగినాను. ముప్పై ఏళ్ళ తర్వాత నాకు ఆ ఆలోచన రావడం అదే మొదలు. నువ్వు వదిలెయ్యమంటే నిజానికి నాకు పౌరుషం కంటే, మా బావి మాట కూడా నిజమవుతుందేమోనన్న భయమే ఎక్కువ వేసింది.

అప్పట్లో చూసిన డాక్టరు మంచివాడే. ఆయనకు బీపీ తెలుసు, మా బావి తెలియదు. నాకు నీళ్ళలో ఉప్పు రేపు ఎంత పేరుకుంటుందో ఈ రోజే తెలుసు, బీపీ అంటే తెలియదు. ఇద్దరం ఒక్క పూట కూర్చుని మాట్లాడుకోలేదు. ఆయనను అడగడానికి నాకు ధైర్యం లేదు, నన్ను అడగాలని ఆయనకు తోచలేదు. మీ అత్త మాత్రం రెండోసారి ఉప్పు గంప నెత్తికెత్తుకున్నందుకే బిడ్డ పోయిందని ఇప్పటికీ అనుకుంటుంది. ఊళ్ళో వాళ్ళూ అదే అన్నారు. నేను కూడా ఒకసారి అన్నాను.

కాబట్టి ఉద్యోగం మానేస్తానని రాయకు. నువ్వు మానేస్తే ఆ బోరు సంగతి ఎవరికి తెలుస్తుంది.

ఇప్పుడు చేయవలసింది రాస్తాను. మాత్రలు ఆపించకు, అది నీ పని, నీకే తెలుసు. నీళ్ళ సంగతి నాకు వదులు. ఇసక తిప్పల్లో వాన నీరు ఉప్పు నీటి మీద తేలి ఉంటుంది, పాల మీద మీగడ మాదిరి. లోతుకు పోతే ఉప్పు తగులుతుంది. ఆ బోరు మీగడ దాటి పోయింది. వెనకటి ఆడవాళ్ళు ఇసకలో మోకాటి లోతు చెలమ తవ్వి, ఊరిన నీళ్ళు చిప్పతో తోడుకునే వాళ్ళు. కొత్తతిప్పలో చెలమలు ఎక్కడుండేవో నాకు తెలియదు. నీకూ తెలియదు. పెంచలమ్మకు తెలిసి ఉంటుంది. పోయి అడుగు. కష్టమే. అయినా పో.

ఆ చెలమ నీళ్ళలో క్రిములున్నాయో లేదో చూసేది మాత్రం నువ్వే. అది నాకు చేత కాదు.

మీ మామ

*

కొత్తతిప్ప
20 ఏప్రిల్ 2025

మామయ్యా,

ధనలక్ష్మిని నెల్లూరు ఆసుపత్రిలోనే ఉంచారు. పద్నాలుగో తారీఖున ఆడపిల్ల పుట్టింది. నెల తక్కువ బిడ్డ. రెండు కిలోలు కూడా లేదు. ఐదు రోజులు గాజు పెట్టెలో పెట్టారు. నిన్న పాలు తాగడం మొదలుపెట్టింది. తల్లికి బీపీ దిగింది. ఈ నాలుగు ముక్కలూ రాయడానికి నాకు మూడు కాగితాలు తడిసి పాడయ్యాయి.

నీ ఉత్తరం అందిన మర్నాడే పెంచలమ్మ ఇంటికి పోయాను. ఇంట్లో కాకుండా వల బాగు చేసుకునే పందిరి కింద, పాలెం ఆడవాళ్ళందరూ ఉన్నప్పుడే అడిగాను. అందరి ముందూ అన్నాను కనక అందరి ముందే ఒప్పుకోవాలి. నీ కోడలికి చెడు చేసింది నువ్వు కాదు, నేను చెప్పిన నీళ్ళు అని చెప్పాను. ఆమె చేతిలో ఉన్న వల ముడి బిగించింది. తర్వాత ఇలా అంది.

"నీ మాట మేం విన్నాం గదా డాక్టరమ్మా. ఇంక మా మాట కూడా నువ్వు కొంచెం వింటా ఉండు."

వింటానన్నాను. ఆమె లేచి ముందు నడిచింది. సరుగుడు తోపు వెనక, వాళ్ళ అమ్మ నీళ్ళు తోడిన చోటు పదిహేనేళ్ళ తర్వాత ఏ తడబాటూ లేకుండా చూపించింది. బోరు పడ్డాక అందరూ మరిచిపోయారట. అబిగయీలు, నేను, ఆమె ముగ్గురం కలిసి తవ్వాం. ఇగరబెట్టి చూశాను, లీటరుకు అర గ్రాము కూడా లేదు. క్రిములు మాత్రం ఉన్నాయి, కాచి తాగమన్నాను. చెలమకు కంప కట్టించాం, పశువులు రాకుండా. బోరు మార్చమని మూడు కాగితాలు పెట్టాను, నీ గిన్నెల తూకంతో సహా. మిగిలిన పది మందిలో ఏడుగురికి బీపీ దిగింది. ముగ్గురికి మాత్రలతోనే నెట్టుకొస్తున్నాను.

ఇంకొక్కటి. ఇది అత్తకు గట్టిగా చదివి వినిపించు. పక్కింటి వాళ్ళు విన్నా పరవాలేదు.

అత్తా, ముప్పై ఏళ్ళ కింద జరిగింది ఆ బావి నీళ్ళ వల్లేనని ఇప్పుడు ఎవ్వరూ ఖాయంగా చెప్పలేరు. నేనూ చెప్పను. కానీ నువ్వు చెప్పుకున్న ఆ కాళ్ళ వాపూ, ఆ తలనొప్పీ బీపీవి. గంప మోసినందుకు అవి రావు. గంప మోసినందుకు నీ బిడ్డలు పోలేదు. ఇది నీ మేనకోడలిగా కాదు, డాక్టరుగా చెబుతున్నాను. నీ తప్పు ఏమీ లేదు.

మీ
వినీల

*

కొఠార్ల పాలెం
26 ఏప్రిల్ 2025

అమ్మాయీ,

నువ్వు రాసినట్టే గట్టిగా చదివినాను. మీ అత్త బియ్యం ఏరుతా ఉండింది. చేట పక్కన పెట్టి, చివరి ముక్క మళ్ళీ చదవమనింది. మళ్ళీ చదివినాను. నేను ఒకసారి అన్న మాటకు, ఇన్నేళ్ళకు, తప్పయిపోయిందని చెప్పినాను. నా గొంతు నాకు వినపడదు గనక ఎట్లా చెప్పినానో తెలియదు. ఆమె వచ్చి నా చెయ్యి పట్టుకుని కూర్చుంది.

తర్వాత కళ్ళు తుడుచుకుని, ధనలక్ష్మి బిడ్డకు పేరు ఏం పెట్టినారో కనుక్కోమనింది. ఇంకా పెట్టకపోతే తను రెండు పేర్లు చెబుతాననింది. ఆ రెండూ అప్పట్లో అనుకుని పెట్టుకున్నవట. నాకే తెలియదు.

వెంటనే రాయి.

మామ
గంగులయ్య